ఉదజని, ఆమ్లజని, నా మొండితనం

కెమిస్ట్రీ టీచర్లుగా కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, ఏం చేస్తే మంచి పేరొస్తుందని అడుగుతుంటారు. పేరు సంగతి నాకు తెలియదు. ఉత్తర మద్రాసులో ఒక తెలుగు మీడియం ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై రెండేళ్లు పరమాణువు గురించి చెప్పాను, అంతే. ఎప్పుడు ఇంక్రిమెంటు వచ్చిందో, ఎవరు నన్ను దాటి పైకెళ్లారో ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నేను చేసిన తప్పు ఒకటి ఉంది, అది ఉపయోగపడుతుంది. దాన్ని రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో గుర్తొచ్చి లేచిపోతున్నాను. ఇవాళ పొద్దుటి నుంచి రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చాను. అక్కడ నాకు పనేమీ లేదు.

నా రూలు

నేను తెనాలిలో పుట్టి, గుంటూరులో బి.ఎస్సీ. చదివి, పెళ్లయి మద్రాసు వచ్చాను. మావారికి తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, కాపురమూ అక్కడే. స్కూలు సౌకార్‌పేట పక్క సందులో ఒక పాత మేడ. కింద క్లాసులు, పైన ఒక గది. దాన్ని లాబొరేటరీ అనేవాళ్లు. రెండు స్పిరిట్ దీపాలు, ఒక కొళాయి తొట్టి, గోడకు పీరియాడిక్ టేబుల్ చార్టు. ఆ చార్టు ఇంగ్లీషుది. చేరిన నెలలోనే మైదా జిగురు కాచి, కాగితం ముక్కల మీద తెలుగు పేర్లు రాసి అంటించేశాను. హైడ్రోజన్ మీద ఉదజని, ఆక్సిజన్ మీద ఆమ్లజని, నైట్రోజన్ మీద నత్రజని. సంకేతాలు పరీక్షలో అడుగుతారు కాబట్టి వాటినీ, తెలుగు పేరు లేని హీలియం, సోడియం లాంటివాటినీ మాత్రం వదిలిపెట్టాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. క్లాసులో ఇంగ్లీషు మాట వినపడకూడదని రూలు పెట్టాను. న్యూక్లియస్ అనకూడదు, కేంద్రకం అనాలి. వేలెన్సీ అనకూడదు, సంయోజకత. పాఠ్యపుస్తకంలోనే ఎలక్ట్రాన్ అని అచ్చేసిన చోట కొట్టేయించి ఋణకణం అని రాయించాను. పుస్తకం రాసినవాళ్లకంటే నాకే తెలుగు మీద ప్రేమ ఎక్కువన్నమాట. ఎవరైనా నోరు జారితే లేచి కొళాయి తొట్టి దగ్గర నిలబడాలి. ఇంకొకతె నోరు జారేదాకా అక్కడే. రెండో పిల్ల జారితే మొదటి పిల్ల వచ్చి కూర్చోవచ్చు. పక్కదాన్ని గిల్లి ఇంగ్లీషు మాట అనిపించే గడుగ్గాయిలూ ఉండేవాళ్లు. రెండు పీరియడ్లు నిలబడ్డ పిల్లలూ ఉన్నారు.

అరవైల చివరి రోజులవి. ఊళ్లో గోడల నిండా భాష గురించిన రాతలే. ఎవరి భాషకోసం వాళ్లు గొంతు చించుకుంటుంటే నేను మాత్రం ఎందుకు తగ్గాలనుకున్నాను. మా హెడ్మిస్ట్రెస్ రాజేశ్వరమ్మ గారికి నా రూలు ఎంత నచ్చిందంటే, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు వచ్చినవాళ్లను ముందు పై గదికే తీసుకొచ్చేవారు. పిల్లలు నిలబడి ఉదజని, హీలియం, లిథియం అంటూ ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. మంచి మనిషి, కానీ చూడ్డానికి బాగున్నది పిల్లలకూ బాగుంటుందని నమ్మే మనిషి. అలాంటి బాసు మెచ్చుకుంటున్నప్పుడు జాగ్రత్తగా ఉండండి. నేను ఉండలేదు.

నేను పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది నా తెలుగు కాదు. తరాల కిందట ఈ ఊరొచ్చిన వర్తకుల పిల్లలు. 'ఈడ', 'ఆడ' అంటారు, నాలుగు మాటల్లో ఒకటి అరవం. కేంద్రకం, కక్ష్య, జడవాయువు అనే మాటలు వాళ్ల ఇళ్లల్లో ఏ అమ్మా, ఏ అమ్మమ్మా ఎన్నడూ పలకలేదు. వీధిలో తమిళం, పుస్తకంలో నా తెలుగు, మధ్యలో వాళ్ల సొంత మాట. మాతృభాషలో చదువు చెబుతున్నానని నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. నిజానికి అది ఆ పిల్లల్లో ఒక్కరి తల్లి భాష కూడా కాదు. వాళ్ల సొంత మాట వినపడితే దాన్నీ దిద్దేదాన్ని.

బయటి గదిలో ఒకతె

రంగనాయకి పదో క్లాసులో నా దగ్గరికొచ్చింది. వాళ్ల నాన్న పార్థసారథి శెట్టిగారిది సౌకార్‌పేటలో రాగి, తగరం, సీసం అమ్మే హోల్‌సేల్ అంగడి. చిన్నప్పటి నుంచి ఆ కడ్డీలు ఎత్తి చూసిన పిల్ల. వేలెడు రాగి ముక్క కంటే వేలెడు సీసం ముక్క ఎందుకు బరువో ఎవరూ చెప్పలేదని మొదటి వారమే నన్ను అడిగింది. పరమాణు భారం అన్నాను. అది పేరు గదా టీచర్, ఎందుకని అడిగినా అంది. కూర్చోమన్నాను.

పరమాణు నిర్మాణం పాఠం రోజు బాగా గుర్తుంది. కేంద్రకం, దాని చుట్టూ కక్ష్యలు, మొదటి కక్ష్యలో రెండు ఋణకణాలు, రెండో దాంట్లో ఎనిమిది. సోడియం బొమ్మ వేశాను, రెండు, ఎనిమిది, ఒకటి. క్లోరిన్ బొమ్మ వేశాను, రెండు, ఎనిమిది, ఏడు. ఉప్పు ఎలా తయారవుతుందో ఎవరైనా చెప్పండన్నాను. రంగనాయకి లేచింది.

"సోడియం ఇంట్లో బయటి గదిలో ఒకతే ఉండాది టీచర్. ఎప్పుడు లేచిపోదామా అని చూస్తా ఉండాది. పక్కింట్లో ఏడుమంది బంతిలో కూర్చోనుండారు, ఎనిమిదో ఆకు వేసి పెట్టుండారు. ఈమె పోయి ఆడ కూర్చుంటే రెండిళ్లకూ నెమ్మది."

క్లాసంతా గొల్లుమంది. నాకు కోపం వచ్చింది. గది కాదు, కక్ష్య అన్నాను. లేచిపోవడమేమిటి, ఋణకణ బదిలీ అనమన్నాను. ఆకులూ బంతులూ పెళ్లిళ్లలో చెప్పుకోమన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, నేను చెప్పినట్టే పుస్తకం మాటల్లో మళ్లీ చెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాత రెండేళ్లలో తన సొంత మాట నా క్లాసులో ఎప్పుడూ వాడలేదు, కొళాయి దగ్గర ఒక్కసారి కూడా నిలబడలేదు. అది నా గొప్పతనమే అనుకున్నాను.

నాకంటే బాగా చెప్పిందని అప్పుడే తెలిసింది. తెలిసినా ఒప్పుకోలేకపోయాను. ఒప్పుకున్నాక మాత్రం, ఇన్నేళ్లూ ఉప్పు పాఠం చెప్పినప్పుడల్లా ఆ ఎనిమిదో ఆకే చెప్పాను.

మాట ఇచ్చాను

పదకొండో క్లాసు పబ్లిక్ పరీక్షలో రంగనాయకికి సైన్సులో స్కూలు ఫస్టు వచ్చింది. వాళ్ల ఇళ్లల్లో ఆడపిల్ల హైస్కూలు దాటడం అరుదు. నేనే అంగడికి వెళ్లాను. శెట్టిగారు తూకం దగ్గర నుంచి లేచి వచ్చి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. తక్కువ మాటల మనిషి. కాలేజీలో పీయూసీ ఒక్క ఏడాది పంపండి, పాసైతే బి.ఎస్సీ. చదివించండి అన్నాను. ఫెయిలైతే అన్నారాయన. ఫెయిలయ్యే పిల్ల కాదు, పూచీ నాది అన్నాను. పాసైతే పై చదువు, ఫెయిలైతే ఇంట్లోనే అని తేల్చి చెప్పి ఆయన ఒప్పుకున్నారు.

జూన్లో ఆ పిల్ల ఒక ఆడపిల్లల కాలేజీలో చేరింది. అక్కడ అంతా ఇంగ్లీషు మీడియం. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. నేను చదువుకున్నదీ ఇంగ్లీషులోనే. తెలివైన పిల్ల, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఇప్పటికీ నన్ను కూర్చోనివ్వనిది ఆ 'లే'.

మొదటి రెండు నెలలు శనివారాలు స్కూలుకు వచ్చి కనపడేది. తర్వాత రావడం మానేసింది. చదువు ఒత్తిడి అనుకున్నాను. ఏప్రిల్లో పరీక్షలు రాసింది. మేలో ఫలితాలొచ్చాయి. ఫిజిక్సు గట్టెక్కింది, లెక్కలు పాసు. కెమిస్ట్రీ ఫెయిలు.

కొళాయి దగ్గర

కబురు పంపితే స్కూలుకు వచ్చింది. సెలవులు కాబట్టి మేడ మీద ఎవరూ లేరు. ఏం జరిగిందని నిలదీశాను, కోపంగానే. ఆ పిల్ల తన కాలేజీ నోటుబుక్కు తీసి ఇచ్చింది. అందులో బొమ్మలు నిక్కచ్చిగా ఉన్నాయి. కక్ష్యలు, చుక్కలు, ఎన్ని ఉండాలో అన్ని. బొమ్మల పక్కన లెక్చరరు గారు ఇంగ్లీషులో చెప్పినవన్నీ తెలుగు అక్షరాల్లో, చెవికి తోచినట్టు రాసుకుంది. కొన్ని మాటలు సగంలో తెగిపోయి ఉన్నాయి. పేజీలు గడిచేకొద్దీ బొమ్మలు మిగిలాయి, మాటలు తగ్గిపోయాయి.

ఎవరినైనా అడగాల్సింది కదా అన్నాను. అప్పుడు చెప్పింది.

"బొమ్మ చూస్తే తెలస్తా ఉండాది టీచర్. పేరు చెప్పమంటే నోరు రాలా. న్యూక్లియస్ అనాలని తెలుసు, అనబోతా. అంటే కొళాయి కాడ నిలబెడతారేమో అని గుండె కొట్టుకుంటాది. ఆడ కొళాయి లేదని తెలుసు. అయినా అంతే."

లెక్చరరు గారు లేపి అడిగినప్పుడల్లా నిలబడి ఊరుకునేదట. రెండు మూడుసార్లయ్యాక ఆవిడ అడగడం మానేసింది. పక్క పిల్లలు ఆమెకు ఏమీ రాదని తేల్చేసుకున్నారు. పరీక్షలోనూ బొమ్మలు వేసి, కింద ఖాళీ వదిలి వచ్చింది. కేంద్రకం అని రాద్దామా అనుకుందట. దిద్దేవాళ్లకు తెలుగు రాదు కదా అని ఆగిపోయిందట.

ఒక్కసారి కూడా శిక్ష పడని పిల్ల అది. నిలబడ్డవాళ్లను రెండేళ్లు చూసింది, అంతే. అదే ఆమె నోట్లో తిష్ట వేసింది. శిక్ష పడ్డవాళ్ల గురించే మనం ఆలోచిస్తాం. చూసి భయపడి మంచి పిల్లగా ఉండిపోయినవాళ్లను లెక్కలోకే తీసుకోం. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

వాళ్ల నాన్న ఏమన్నారని అడిగాను. ఇంక చాలన్నారని చెప్పింది. సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చు కదా అన్నాను. నాయన ఒప్పుకోరు టీచర్ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు చదవాలని ఉండాది అని రెండుసార్లంది.

నేను చెప్పని మాట

మర్నాడే అంగడికి వెళ్లాను. దారంతా అనుకుంటూనే వెళ్లాను, తప్పు నాదని చెప్పేయాలని. శెట్టిగారు ఎప్పట్లాగే లేచి వచ్చారు, ఎప్పట్లాగే కుర్చీ. అంగట్లో బేరాలకొచ్చినవాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు. రంగనాయకి వెనక గదిలో తలుపు దగ్గర నిలబడి ఉంది. సెప్టెంబరుకు ఇంకొక్క అవకాశం ఇవ్వమన్నాను, ఈసారి నేనే దగ్గరుండి చెబుతానన్నాను.

ఆయన నా వంక తిన్నగా చూశారు. "పాప ఎందుకు ఫెయిలయింది టీచరమ్మా? మీరు చెప్పండి."

నోటిదాకా వచ్చింది. బేరానికొచ్చిన ఒకాయన కూడా చెవి ఇటు వేశాడు. ఆ వీధిలో నాకు పేరుంది, ఫలానా టీచరమ్మ అంటే లేచి నిలబడతారు. కాలేజీలో ఇంగ్లీషు కదా శెట్టిగారూ, అక్కడి లెక్చరర్లు మన పిల్లలను పట్టించుకోరు అన్నాను.

ఆయన సరి అన్నారు. సెప్టెంబరు దాకా సరి. నేను తలుపు వైపు చూడకుండా బయటికొచ్చేశాను.

ఆ రోజు నుంచి నాకు ఒక చోట కాలు నిలవలేదు. స్కూలుకు వెళ్లొచ్చే రైల్లో సీటు దొరికినా నిలబడే ప్రయాణం చేసేదాన్ని. మావారు ఏమైందని అడిగితే ఆయన మీద విసుక్కున్నాను. ముఖం తెలియని ఆ లెక్చరరు గారి మీద నిందవేశాను కదా, ఆవిడ ఎక్కడైనా ఎదురైతే ఏం చేయాలా అని కూడా ఆలోచించాను. శెట్టిగారి దగ్గరికి మళ్లీ వెళ్లి చెబుదామని నాలుగైదుసార్లు ఆ వీధి మొదటిదాకా పోయాను. ప్రతిసారీ ఒక సాకు దొరికింది, తిరిగి వచ్చాను.

మూడు గడులు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా రంగనాయకి సాయంత్రాలు మేడ మీదికి వచ్చింది. రూలు ఎత్తేస్తానని రాజేశ్వరమ్మ గారితో చెప్పాను. ఇన్‌స్పెక్షన్ వస్తే ఏం చూపిస్తామని అడిగారావిడ. వాళ్లు చూడ్డానికి కాదండీ అన్నాను. అప్పటిదాకా ఆవిడతో గొంతు పెంచి మాట్లాడలేదు. కొన్నాళ్లు నాతో ముభావంగా ఉండి, తర్వాత మామూలైపోయారు.

ఒక నోటుబుక్కులో మూడు గడులు గీశాం. మొదటి గడిలో రంగనాయకి సొంత మాట, రెండో దాంట్లో పుస్తకం మాట, మూడో దాంట్లో కాలేజీ మాట. మొదటి గడి నింపమంటే ఆ పిల్ల బిత్తరపోయింది. నువ్వు ఇంట్లో మీ చెల్లెలికి చెబితే ఎలా చెబుతావో అలాగే రాయమన్నాను. నడిమి గింజ, కేంద్రకం, న్యూక్లియస్. గది, కక్ష్య, ఆర్బిట్. ఎన్నిమందికి చెయ్యిస్తాది, సంయోజకత, వేలెన్సీ. బంతి నిండిన ఇల్లు, జడవాయువు, ఇనర్ట్ గ్యాస్. మొదటి గడిలో సగం అరవమే. నేను దేన్నీ దిద్దలేదు. నాలుక కరుచుకుని కూర్చున్నాను, అది నాకు ఎంత కష్టమో నాకే తెలుసు.

వారం తర్వాత చార్టు ముందు నిలబెట్టి, మూడో గడిలో మాటలే వాడి చెప్పమన్నాను. మొదట న్యూక్లియస్ అనడానికి చాలాసేపు పట్టింది. తొట్టి వైపు చూసింది. నేను లేచి వెళ్లి ఆ తొట్టి గట్టు మీదే కూర్చున్నాను. చెప్పు అన్నాను. చెప్పింది, సగం మాట మింగేస్తూ. రెండోసారి ఇంకొంచెం నయం. ఆగస్టు వచ్చేసరికి లిథియం, సోడియం, పొటాషియం మూడింటికీ ఒకే గుణం ఎందుకో, ఒకే నిలువు వరసలో ఎందుకు కూర్చున్నాయో ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. వ్యాకరణం వంకరే. కెమిస్ట్రీ మాత్రం చక్కగా ఉంది.

సెప్టెంబరులో రాసింది, పాసైంది. బొటాబొటీ మార్కులు కావు, బాగానే వచ్చాయి. కానీ అప్పటికి బి.ఎస్సీ. సీట్లు నిండిపోయాయి. ఒక ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాది పోయింది నావల్ల. ఆ తర్వాత బి.ఎస్సీ. చదివి, తిరువొత్తియూరులోనే ఒక ఫ్యాక్టరీ లాబొరేటరీలో చేరిందని సంతోషంగానే చెబుతాను, కానీ ఆ ఒక్క ఏడాది మాత్రం ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మళ్లీ జూన్

రంగనాయకి పాసైన మరుసటి జూన్లో అడ్మిషన్ల రోజు. నేను బల్ల దగ్గర ఫారాలు చూస్తుంటే శెట్టిగారు రెండో కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. పదేళ్ల పిల్ల, ఆరో క్లాసుకు. పెద్దపిల్లకు అదే వారం బి.ఎస్సీ.లో సీటు వచ్చిందని, నాకు చెప్పమందని చెప్పారు. దాన్ని మీరే ఒడ్డుకు చేర్చినారు టీచరమ్మా అని అక్కడున్నవాళ్లందరికీ వినపడేలా అన్నారు. క్యూలో నిలబడ్డ తల్లిదండ్రులు నా వంక మెచ్చుకోలుగా చూశారు.

ఫారం ఆయన ముందు పెట్టాను, కలం ఇవ్వలేదు. లేచి నిలబడి, అందరి ముందే చెప్పాను. రంగనాయకికి అన్నీ వచ్చు శెట్టిగారూ. నేను పెట్టిన రూలువల్ల ఆమెకు నోరు పెగల్లేదు. కాలేజీ వాళ్ల తప్పేమీ లేదు. పోయినేడు మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. ఇది తెలిశాక చిన్నపిల్లను ఇక్కడ చేర్చాలో వద్దో మీరే ఆలోచించుకోండి.

ఆయన కంగారుపడలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"నాకు తెలుసు టీచరమ్మా. ఫలితాలొచ్చిన దినమే పాప అంతా చెప్పింది. మీరేమంటారో చూద్దామనే ఆ పొద్దు అంగట్లో అడిగినా."

మరి అంతా తెలిసి నన్ను నమ్మి ఎలా పంపించారని అడిగాను.

"మిమ్మల్ని నమ్మి పంపలా. పాప చదవాలని ఏడ్చింది, దాన్ని నమ్మి పంపినా." ఆయన జేబులోంచి తన కలం తీసుకుని ఫారం తన వైపు తిప్పుకున్నారు. "చిన్నదాన్ని మాత్రం మిమ్మల్ని నమ్మి ఇస్తా ఉండా. సంతకం యాడ పెట్టాలో చూపించండి."